అమ్మమ్మ మూర, తాటిచెట్టు చెయ్యి

అమ్మమ్మ దర్జీ. వీధిలో అందరి నడుములూ ఆవిడ టేపుకు చిక్కినవే. కానీ సొంత ఇంట్లో మాత్రం టేపు ముట్టదు. మంచం జరపాలన్నా, కర్టెన్ కుట్టాలన్నా మోచెయ్యి ఆనించి మూరలేస్తుంది. ఎందుకని అడిగితే, "పరాయివాళ్ళకు టేపు. నా ఇల్లు నా చేత్తో కొలుచుకుంటే ఎవడేమంటాడు?" అంటుంది. ఎవడూ ఏమీ అనడు. కత్తెర ఎప్పుడూ ఆవిడ చేతిలోనే ఉంటుంది మరి.

అక్క ఆ కుట్టుమిషన్ పక్కనే పెరిగింది. గుడ్డపీలికల మీద సుద్దముక్కతో ఇళ్ళు గీసేది. తలుపు పెట్టడం మర్చిపోతే, "లోపలికి దూకాలా తల్లీ?" అని అమ్మమ్మ ఏడిపించేది.

గీసీ గీసీ పెద్దదయ్యాక యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ సీటొచ్చింది. కామర్స్‌లోనూ వచ్చింది. ఏది కావాలో శుక్రవారం లోపు చెప్పాలి. అక్క మనసు ఆర్కిటెక్చర్ మీదే, భయమూ దాని మీదే.

"తర్వాత ఆలోచిద్దువుగాని, ముందు నా దారపురీళ్ళకో షెల్ఫు గీసిపెట్టు" అంది అమ్మమ్మ.

అక్క ముచ్చటగా గీసింది. ఎత్తెంతని అడిగితే అమ్మమ్మ గోడ మీద చెయ్యేసుకుంటూ పోయి "నాలుగు మూరలు" అంది. అక్క అదే రాసింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు మూరంటే అమ్మమ్మ మూరే. లోకంలో ఇంకో మూర ఉంటుందని తోస్తేగా!

వడ్రంగిని అందరూ తాటిచెట్టు అంటారు. ఏ గుమ్మమైనా తలవంచే దాటతాడు. అమ్మమ్మా అక్కా బజారుకెళ్ళొచ్చేసరికి షెల్ఫు బిగించేసి, "నాలుగు మూరలు. వెంట్రుకవాసి తేడా లేదమ్మా!" అన్నాడు గర్వంగా.

షెల్ఫు కిటికీ నెత్తి దాటి ఎక్కడో ఉంది. అమ్మమ్మ మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాపింది. గాలి తగిలింది.

"బాగుందయ్యా. పిచ్చుకలు అద్దెకడిగితే కబురు పెడతా."

"మూరంటే మూరే కదమ్మా?" అంటూ తాటిచెట్టు తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఆ చేతికి చొక్కా కుట్టాలంటే ఇద్దరి గుడ్డ కావాలి.

అక్క మొహం మాడిపోయింది. "షెల్ఫే ఇలా ఉంటే, నేను గీసిన ఇంట్లోకి జనం నిచ్చెనేసుకుని ఎక్కాలి. కామర్స్‌లో చేరిపోతా అమ్మమ్మా."

"చేరు, ఎవరొద్దన్నారు? మరి నా రీళ్ళెక్కడ పెట్టుకోను?"

అక్క ముక్కు చీదుకుంటూ పరాయివాళ్ళ టేపు తీసింది. "చెయ్యెత్తు. నొప్పెట్టకుండా ఎంతవరకో అంతే."

అమ్మమ్మ చెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ పక్కనే పెరిగిన పిల్లకు ఆ భుజం సంగతి అప్పుడే తెలిసింది.

"రీలు మార్చేది నుంచునా, కూర్చునా?"

"కూర్చునే."

"మరి నాలుగు మూరలెందుకు చెప్పావు? నీ మూరలతో కొలిచినా నీకందదుగా!"

"అడిగావా?" అంది అమ్మమ్మ. తర్వాత నవ్వేసింది. "నేనూ ఆలోచించలేదులేవే."

ఇక అక్క ఆగలేదు. ఏ చెయ్యి ముందు చాస్తావు, వెలుతురెటు నుంచి కావాలి, కత్తెరెక్కడ తగిలించాలి... ఏడుపు ఎటుపోయిందో! తాటిచెట్టుకిచ్చిన టీ అయిపోయింది, ప్రశ్నలు అవలేదు. చివరికి గోడ మీద సుద్దగీత గీసి, వెనక్కి జరిగి, తల పక్కకు వంచి చూసింది. అమ్మమ్మ కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపింది. వేళ్ళు సరిగ్గా గీత మీద పడ్డాయి.

"కామర్స్ ఏమైందే?"

"మధ్యలో మాట్లాడకు అమ్మమ్మా. నీ చెయ్యి కదిలిపోతోంది."

శుక్రవారం ఆర్కిటెక్చర్ అని చెప్పేసి వచ్చి, మిషన్ దగ్గర చతికిలబడి, "థాంక్స్ అమ్మమ్మా" అంది అక్క.

"ఎవరికే థాంక్సు, నేనేమన్నా పోస్టుమన్‌నా?" అంటూనే అమ్మమ్మ దాని తలలో సుద్దపొడి దులిపింది. పొడి ఎప్పుడో రాలిపోయింది. చెయ్యి మాత్రం చాలాసేపు అక్కడే ఉంది.

సుద్దగీత దగ్గర తాటిచెట్టు ఇంకో షెల్ఫు బిగించాడు. పై షెల్ఫును మాత్రం తీయనివ్వలేదు అక్క. అమ్మమ్మకు షుగరని బిస్కెట్ల డబ్బా దాని మీద పెట్టింది. చెయ్యెత్తి దాన్ని అందుకోగలిగేది తాటిచెట్టు ఒక్కడే. అందుకే ఇప్పుడు అతను గుమ్మంలో తలవంచాడంటే చాలు, అమ్మమ్మ కుర్చీ వేసి మరీ కూర్చోబెడుతుంది.