గ్రూపులో పడిన ఆస్పత్రి ఫొటో

విదేశంలో, చలి ఊరు ఇన్వర్‌కార్గిల్‌లో కలిసి చదువుకున్న మా వాట్సాప్ గ్రూపులో ఎవరు కొత్త ఇల్లు, కారు ఫొటో పెట్టినా, "ధర ఇంకాస్త తగ్గించి ఉండాల్సింది" అని రాయడం నా ఆనవాయితీ. మా కొట్లో బేరాల మధ్య పెరిగిన నోరు మరి!

మొన్న రెండు ఆస్పత్రి మంచాల ఫొటో పడింది. గ్రూపులో డయాలసిస్ మీదున్న మావాడికి, చదువుకునే రోజుల్లో ఆ చలిలో మాకెవరికీ హీటరు ఇవ్వని మా పిసినారి మిత్రుడు కిడ్నీ ఇచ్చాడట! నిర్ఘాంతపోయి, ఇచ్చినవాడికే ఫోన్ చేశాను.

"ఒరేయ్, ఒక్క మాటైనా చెప్పలేదేంరా?"

"చెబితే, 'ఆగి చూడు, ఇంకెవరైనా దొరుకుతారేమో' అంటావు. వాడికి ఆగే టైం లేదురా."

నిజమే, సరిగ్గా అదే అనేవాణ్ణి. మాట మార్చాను.

"వాడెలా ఉన్నాడు?"

"కిడ్నీ పనిచేస్తోంది, పొద్దున వాడికి మూత్రం వచ్చిందిరా!" అన్నాడు, బిడ్డ పుట్టిన కబురు చెబుతున్నట్టు.