యోవానిస్ మామ పెండలం తీగ

మా పొన్‌పే దీవిలో ఒకరి పెండలం తీగను మరొకరు చూడరు. దారిలో ఎదురైతే చూపు తిప్పుకుంటారు. ఎవరెక్కడ నాటారో, దుంప ఎంత ఊరిందో అడగడం, అన్నం తింటున్నవాడి నోట్లోకి తొంగిచూడడమంత సిగ్గుమాలిన పని.

యోవానిస్ మామ ఆ మర్యాదకు ప్రాణమిచ్చేవాడు. ఆయన దగ్గర ఒక రకం ఉండేది. కోస్తే లోపల, పొద్దు పొడవబోయే ఆకాశపు రంగు. యుద్ధకాలంలో జపాను సైనికులు విమానాలు దిగడానికి మామ వాళ్ల తోటను చదును చేస్తుంటే, ఆయన తండ్రి ఒక్క దుంప తలను అరటాకులో చుట్టి, చంటిబిడ్డలా గుండెకదుముకుని కొండెక్కాడు. తర్వాత అమెరికా వాళ్లొచ్చారు. ఓడల్లో బియ్యం వచ్చింది. బడిలో మాకు అన్నమూ డబ్బా చేపలూ పెట్టారు. తోటలు పల్చబడ్డాయి. మామ మాత్రం ఏటా ఆ రకాన్నే నాటేవాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆ తీగ మరే తోటలోనూ లేదు.

మా నాన్న మెల్సోరు వరసకు ఆయన బావమరిది. ఎవరి పెండలం పెద్దదో తేలే ఊరి విందుల్లో ఇరవై ఏళ్ల పోటీదారు. ఇద్దరూ ఇప్పుడు లేరు కాబట్టి ఈ సంగతి రాస్తున్నాను.

నేను బడిలో పంతులమ్మగా చేరిన ఏడు, తీగలు మొలకెత్తే వేళ, మామ సీమపనస చెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో మూడు నెలలు. చెట్టెక్కించకపోతే లేత తీగ నేలమీదే కుళ్లిపోతుంది. నాన్నా నేనూ చూడ్డానికి వెళ్లిన రోజే, వ్యవసాయ ఆఫీసు నుంచి ఒకామె పుస్తకం పట్టుకుని వచ్చింది.

“పెద్దాయనా, ఎక్కడ నాటావో చెప్పు. మావాళ్లు చూసుకుంటారు. పేరు రాసుకుంటే రకం పోకుండా ఉంటుంది.”

“నేనేం నాటలేదమ్మా. ఒళ్లొంగని ముసలాణ్ణి.”

ఆమె వెళ్లాక మామ గోడవైపు తిరిగాడు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. నాన్న చూశాడు. పైకి మాత్రం,

“ఏం బావా, ఈసారి నీ తోటలో కలుపు ఏపుగా పెరిగిందట?” అన్నాడు.

“నీ దుంపలకంటే లావుగానే ఉంటుందిలే, పోరా!”

మర్నాటి నుంచి నాన్న వేకువనే కత్తి పట్టుకుని వెళ్లేవాడు. మా తోట కుడివైపు. నాన్న మామ తోట ఉన్న ఎడమవైపు నడిచేవాడు. అమ్మ అడగలేదు. నేనూ అడగలేదు.

మామ ఇంటికొచ్చిన రోజు చేతికర్రతో తన తోటలోకి వెళ్లాడు. నేను గట్టు మీదే ఆగాను. చాలాసేపటికి వచ్చాడు, కళ్లు తుడుచుకుంటూ.

“పిల్లా, ఈ ఏడు వానలు చాలా మంచివని మీ నాన్నతో చెప్పు.”

చెప్పాను. నాన్న కొబ్బరి పీచు వలుస్తూ తలెత్తలేదు.

“అవునా? నేను గమనించలేదే!”

కృతజ్ఞత చెప్పాలంటే, ముందు నాన్న ఆ తీగను చూశాడని ఒప్పుకోవాలి. అది ఇద్దరికీ తలవంపు. ఆ ఏడు విందులో మామ దుంపను ఆరుగురు మోశారు. నాన్న ఓడిపోయాడు. చాలా సంతోషంగా ఓడిపోయాడు.

మళ్లీ నాటే కాలం వచ్చింది. ఒక వేకువ, కిటికీలోంచి చూస్తే మా తోట అంచున మామ. కర్ర పక్కన పడేసి, కష్టపడి మోకాళ్లమీద కూర్చుని గొయ్యి తవ్వుతున్నాడు. పక్కన అరటాకు పొట్లం. తండ్రి కొండెక్కించిన ఆ రకం, మొదటిసారి ఇల్లు దాటింది.

వెనకనుంచి నాన్న చెయ్యి నా భుజం మీద పడింది.

“ఇటు రా తల్లీ,” అన్నాడు మెల్లగా. “నువ్వింకా నిద్రలేవలేదు. నేనూ లేవలేదు.”

మట్టి కప్పిన చప్పుడు ఆగేదాకా, పొయ్యి కూడా వెలిగించకుండా, ఇద్దరం చాపమీద కూర్చున్నాం.