చదవని పుస్తకానికి ముందుమాట

నా తెలివితక్కువతనం నేనే ముందు చెప్పుకుంటాను. ఇతరులు చెబితే ఇంకాస్త పెద్దదిగా కనిపిస్తుంది. నేను చదవని పుస్తకానికి ముందుమాట రాశాను. ముందూ వెనకా చూడకుండా రాస్తారు కాబట్టే దానికి ఆ పేరొచ్చిందని అంతకుముందు ఊరందరినీ వెక్కిరించినవాణ్ని.

అప్పటికి కొన్నేళ్లుగా ఇంటర్నెట్‌లోని ఒక తెలుగు విజ్ఞాన సర్వస్వంలో కొత్తవాళ్ల వ్యాసాలు చూసిపెడుతున్నాను. ఎవరైనా రాయగలిగే చోటు అది. ఎలా రాయకూడదో చెప్పడం నా పని. తెలంగాణ వచ్చాక ఎవరి ఊరి గురించి వాళ్లు రాసుకోవాలన్న ఉబలాటం పెరిగింది. మహబూబ్‌నగర్‌లో ఒక ఆదివారం శిక్షణ పెడితే, కేతేపల్లి దిక్కు నుంచి బస్సులు మారి మారి ఒక బడిపంతులు వచ్చాడు. తన ఊరి పెద్దబావిని ఒంటిచేత్తో తవ్వించిన మహనీయుడు తన తాత అని రాశాడు. మహనీయుణ్ని తీసేయమన్నాను; బావి సంగతి ఎక్కడ అచ్చయిందో చూపమన్నాను.

"మా తాత సంగతి నాకెర్క లేదా సార్?" అన్నాడు.

"మీకెరుకే. మీరు గాక ఇంకొకరు అచ్చులో చెప్పాలె."

ఆ మాట శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ శ్రద్ధకే నేను పడిపోయాను.

ఆ శిక్షణకే వచ్చిన, మహబూబ్‌నగర్ దవాఖానలో నర్సుగా చేసే అమ్మాయిదీ అదే ఊరు. కరువు ఏడాది ఆ బావిని తమ వాడ కూలీలు గంజినీళ్ల మీద తవ్వారని, తన అవ్వ చెప్పిందని ఆమె ఒక వాక్యం చేర్చింది. అవ్వ మాట ఆధారంగా చెల్లదన్నాను. ఆమె వాదించలేదు, తీసేసింది. చివరికి వ్యాసంలో "ఊరిలో ఒక బావి ఉంది" అన్న ముక్క మిగిలింది. నిష్పక్షపాతమంటే ఇదీ అని మురిసిపోయాను.

ఏడాది తిరిగాక పంతులు ఊరి చరిత్ర రాసి పట్టుకొచ్చాడు, వెంట ఒక సంచి బత్తాయిలు. "మీరు చెప్పిన తీరుగనే రాసిన సార్. జర నాలుగు మాటలు రాసియ్యుండ్రి," అన్నాడు. శిష్యుడి మీద నమ్మకంతో కాగితాల కట్ట పక్కన పెట్టి, బత్తాయిలు ఒలుచుకుంటూ మూడు పేజీలు రాశాను. ఇందులో ప్రతి మాటకూ ఆధారం ఉందన్నాను. అపూర్వం, మహత్తరం, అద్వితీయం: కొత్తవాళ్ల వ్యాసాల్లో నేను కొట్టేసిన మాటలేవీ వృథా పోనివ్వలేదు.

పుస్తకం అచ్చయిన నెలకే వ్యాసంలోకి తాత తిరిగొచ్చాడు, అదే ఒంటిచేత్తో. కింద ఆధారంగా ఆ పుస్తకం. దానికి తోడు నా ముందుమాట, పేజీ సంఖ్యతో సహా. ఆధారం అడిగినవాణ్నే ఆధారం చేశాడు. చూపిన పద్ధతిలో మాత్రం ఒక్క తప్పు లేదు. నేర్పింది నేనే కదా.

ఫోన్ చేశాను. "అచ్చుల ఉండాలంటిరి, ఉన్నది. ఇంకొకరు చెప్పాలంటిరి, మీరే చెప్పిండ్రు," అన్నాడు, ఎంతో వినయంగా. ఆ వినయమే ఎక్కువ గుచ్చుకుంది. నా దగ్గర చదువు నేర్చుకోవడానికి వచ్చాడనుకున్నాను. నా సంతకం కోసం వచ్చాడు.

ఆ వారమే నర్సు అమ్మాయి నాకొక సందేశం పెట్టింది: "సార్, మా అవ్వకు ముందుమాట ఎవరు రాస్తరు?"

మరుసటి ఆదివారం నేనే బస్సులు మారి ఆ ఊరు వెళ్లి, అవ్వ చెప్పిందంతా రాసుకొచ్చాను. ఒక చిన్న మాసపత్రికకు ఉత్తరం పంపాను. ఫలానా పుస్తకానికి ముందుమాట రాసినవాడు దాన్ని తెరిచి కూడా చూడలేదు, అతని మాట నమ్మదగినది కాదు, అని మొదలుపెట్టి, కింద అవ్వ మాటలు ఉన్నదున్నట్టు దించాను. చివర నా సంతకమే. ఉత్తరం అచ్చయిన రోజే దాన్ని ఆధారంగా చూపించి తాతను వ్యాసంలోంచి దింపాను.

సాయంత్రానికల్లా పంతులు ఫోన్. "మీ ఇజ్జత్ మీరే తీసుకుంటిరి గద సార్," అన్నాడు.

"ఏం జేద్దాం పంతులూ," అన్నాను, "అచ్చుల ఉన్నది గద."