మిషన్‌తోని మాట్లాడిన మా ఆడబిడ్డ

మొన్న పొద్దున చాయ్ తాగుతుంటే మా ఆడబిడ్డ ఫోన్‌కు ఒక వీడియో పంపింది. ఆడబిడ్డంటే మా ఆయన చెల్లె. సూరత్‌ల పెద్ద దవాఖానల పేగుల డాక్టరు, ఇప్పుడు చిన్న డాక్టర్లకు పని నేర్పే మేడం గూడ. వీడియోల ఒక గుజరాతీ డాక్టరు, మూతికి మాస్కు, చేతుల పొడుగు నల్ల గొట్టం, ముంగట ప్లాస్టిక్‌తోని చేసిన మనిషి నడుము. ఆ నడుముకెల్లి మూలుగు వినపడంగనే, తెలుగు ఒక్క ముక్క రాని ఆ డాక్టరు చెయ్యి ఆపి "అయిపాయె, అయిపాయె" అన్నడు. నేను నవ్వబోయి ఏడ్చిన. మా ఆయన పేపర్లకెల్లి తలెత్తి "ఏమైందే" అంటే, ఫోన్ ఆయన చేతుల పెట్టిన.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల మొదలైన ముచ్చట ఇది. మా ఆయనకు రైల్వేల కొలువు, సూరత్‌ల ఉధ్నా స్టేషన్ దగ్గర కిరాయి ఇల్లు. పక్క గల్లీల రాత్రింబగళ్లు బట్టలు నేసే సాంచెల చప్పుడు. చుట్టాలొస్తే ఆ చప్పుడుకు నిద్ర పట్టకపోయేది, మేం మాత్రం కరెంటు పోయి సాంచెలు ఆగితే ఉలిక్కిపడి లేచేటోళ్లం. ఆడబిడ్డ డాక్టరు చదువు అయినంక పేగుల పని నేర్చుకునేటందుకు మా ఇంటికొచ్చింది. మొండి మనిషి, నోరు గూడ ఉన్నది. బెల్లమేసిన గుజరాతీ పప్పు మొదటిసారి నోట్లె పెట్టుకొని, "వదినా, ఈ ఊళ్లె పప్పుకు గూడ పుట్టినరోజు చేస్తరా" అన్నది. నడుము దాటిన జుట్టు ఆమెది. దువ్వుకునే ఓపిక మాత్రం లేదు, దువ్వెన ఇరుక్కుంటే గుంజి పారేస్తది. అందుకే నేనే దువ్వేదాన్ని. ఆ తల ఎట్ల దువ్వాల్నో ఊళ్లె ఉన్నప్పుడే మా అత్తమ్మ నాకు చూపిచ్చింది. చిక్కు తగలంగనే "అయిపాయె, అయిపాయె" అనాలె, దువ్వెన ఎనకకు తియ్యాలె, జర కిందికెల్లి మల్ల మొదలువెట్టాలె. పిల్లల కాలుల ముల్లు తీసినా, తలంటు పోసినా అత్తమ్మ నోట్లె అదే మాట. అట్లట్ల ఇంట్ల అందరికి అంటుకున్నది.

అప్పట్ల ఆడబిడ్డ పనిచేసే దవాఖానకు కొత్తగ ఒక మిషన్ వచ్చింది. సిమ్యులేటర్ అంటరట. ఒక కంప్యూటరు, దానికి కలిపిన ప్లాస్టిక్ నడుము. పెద్దపేగులకు కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షను కొలనోస్కోపీ అంటరు గదా, దాన్ని మనుషుల మీద చేసేముందు ఈ మిషన్ మీద నేర్చుకోవాలె. అంతకుముందు నేర్చుకునేటోళ్లు సీదా మనుషుల మీదనే నేర్చుకునేటోళ్లంటే నేను నా పొట్ట పట్టుకున్న. ఒక ఆదివారం టిఫిన్ డబ్బ ఇద్దామని పోతే ఆడబిడ్డ ఒక్కతే మిషన్ ముంగట ఉన్నది. తెర మీద గులాబి రంగు సొరంగం మలుపులు తిరుగుతున్నది. ఇంతల ఎవరో మూలిగిన్రు. "లోపలెవరున్నరే" అన్న గాబరాగ. "మిషనే వదినా, గట్టిగ తోస్తే గట్లనే మూలుగుతది" అని, మల్ల దాని దిక్కు తిరిగి, "అయిపాయె, అయిపాయె, జర ఓర్సుకో" అన్నది. ప్లాస్టిక్ నడుముకు బుజ్జగింపు. నేను డబ్బ పట్టుకొని నవ్వి నవ్వి కూలబడ్డ.

తోటి డాక్టర్లు గూడ నవ్వేటోళ్లు. పెద్ద సార్ నవ్వలె. మాట తక్కువ, కోపం ఎక్కువ ఆయనకు. "మషీన్ సే బాతే మత్ కరో, కామ్ పే ధ్యాన్ దో" అన్నడు, మిషన్‌తోని మాటలు బందువెట్టి పని మీద మనసు పెట్టుమని. నెలాఖరుకు మిషన్ మీద పరీక్ష పెట్టి, నొప్పి పుట్టియ్యకుండ పేగు చివరిదాక పోయినోళ్లకే మనుషుల మీద చెయ్యనిస్తనన్నడు. మిగిలినోళ్లు పక్కన నిలబడి చూసుడే. ఆనాటి నుంచి ఆడబిడ్డ నోరు మూసుకున్నది, అప్పటికెల్లే పని చెడ్డది. పేగు మలుపు కాడ గొట్టం చుట్ట తిరుగుతదట. అప్పుడు తొయ్యొద్దు, ఎనకకు తీసి సదురుకోవాలె. ఈమె మొండి మనిషాయె, తోసేది. పరీక్షకు ముందురోజు తెరంత ఎర్రగైంది, పేగు చినిగిందని. నిజం మనిషైతే ప్రాణం మీదికొచ్చేది. ఇంటికొచ్చి అన్నం ముట్టలె. "నాతోని కాదు వదినా, ఊరికి పోయి జ్వరం గోళీలు రాసుకుంట బతుకుత" అన్నది. ఆమె గట్ల మాట్లాడుడు నేనెన్నడు వినలె.

తెల్లారి బతిమాలి కూసోబెట్టి తల దువ్వుతున్న. దిగులుల ఆ జుట్టు సంగతే మర్చిపోయింది, అంత చిక్కులే. దువ్వెన ఇరుక్కున్నది, "అయిపాయె, అయిపాయె" అని నేను ఎనకకు తీసిన. ఆమె గిరుక్కున తిరిగింది. "మల్ల దువ్వు" అన్నది. దువ్విన. "ఇప్పుడు ఆ మాట అనకుండ దువ్వు" అన్నది. మాట లేకపోయేసరికి నా చెయ్యి ఆగలె, వెంట్రుకలు గుంజుకున్నయి. ఆమె అబ్బా అని, మల్ల పకపక నవ్వింది. "మాట అంటే చెయ్యి ఆగుతున్నది వదినా. నేను మిషన్‌తోని కాదు, నా చెయ్యితోని మాట్లాడుతున్న" అని సగం జడతోనే ఆటో ఎక్కింది.

మిగిలింది సాయంత్రం ఆమె చెప్పంగ విన్నదే. "సార్, నేను మాట్లాడుకుంటనే చేస్త" అన్నదట. సార్ చేతులు కట్టుకొని "కరో" అన్నడట, చెయ్యమని. మిషన్ మూలగకముందే ఈమె నోట్లకెల్లి ఆ మాట వచ్చేది, చెయ్యి ఎనకకు వచ్చేది, సొరంగం తెరుసుకునేది. చివరిదాక పోయింది. సార్ తెర దిక్కు చూసుకుంటనే "కల్ పేషెంట్ తుమ్ దేఖోగీ" అన్నడట, రేపు పేషెంటును నువ్వే చూడాలెనని. ఆ పేషెంటు మనోడే, సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి ఉధ్నాల సాంచెలు నడిపేటోడు. భయంతోని బల్ల అంచు గట్టిగ పట్టుకున్న మనిషి, మలుపు కాడ "అయిపాయె" అని వినపడంగనే "మా దిక్కోళ్లా అమ్మా మీరు" అని చెయ్యి వదులు చేసిండట. సార్ పక్కనే నిలబడ్డడు గాని గొట్టం ముట్టలె. తర్వాత వచ్చినోళ్లకు ఆయనే చెప్పేటోడట, మీ భాషల ఏదో ఒక మాట అనుకోండి, చెయ్యి ఆగాలె అని. వాళ్లు మాత్రం ఈమె మాటనే పట్టుకున్నరు.

గర్వమా అంటే గర్వమే, దాచుకునుడెందుకు. ఆ వీడియో గల్లీల చూడనోళ్లు లేరు, పాలాయనకు గూడ చూపిచ్చిన. ఆడబిడ్డ జుట్టు ఎప్పుడో కత్తిరిచ్చుకున్నది. అత్తమ్మ పోయింది, ఆమె సూరత్ చూడనే లేదు. బిడ్డ తల దువ్వుకుంట ఆమె అన్న మాట ఇయ్యాల ఎవరెవరి కడుపుల నొప్పి ఆపుతున్నదో. కాలం మనుషులను తీసుకపోతది గాని, వాళ్ల చేతి అలవాటును ఇంకో చేతుల పెట్టి మరీ పోతది.