అయ్యూబ్ చాచా గాలి లెక్క

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో అయ్యూబ్ చాచా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. మొదట కొలిమిలోకి చెరకు పిప్పి తోసే పని. తర్వాత పరీక్ష రాసి బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రేములో ఉంది, వాళ్ల ముందు గదిలో, పెళ్లి ఫోటో కంటే పై మేకుకి. దాని మీద హుసేన్ బీ చాచీ చేసే ఎగతాళి గోడ దాటి మా ఇంట్లోకి వినిపిస్తుంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన చేతికి పనేదీ నిలవలేదు. పొద్దున చాయ్ తాగి, వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చే పోయే వాళ్లను పలకరిస్తూ కూర్చుంటాడు. నిరుడు ఎండాకాలం దాకా ఆయన గురించి నాకు తెలిసింది ఇంతే. ఆరేళ్లు పక్కింట్లో ఉండి ఇంతే తెలుసుకున్నానంటే నా మీద నాకే కోపం వస్తుంది.

నేను సివిల్ ఇంజనీరును. పెద్ద వాన కురిస్తే ఒక ఊళ్లో నీళ్లు ఏ వీధిలోంచి ఎటు పారతాయో కంప్యూటర్ మీద లెక్క గడతాను. మా ఆయన విష్ణుకు సిరికొండలో టీచరు ఉద్యోగం, పాపకు అప్పుడు తొమ్మిది నెలలు. హైదరాబాద్ కంపెనీ ఒకటి నన్ను పరీక్షించడానికి ఒక పని ఇచ్చింది. శనివారం పొద్దున పదింటికల్లా పూర్తిచేసి పంపితే ఉద్యోగం ఇస్తారు, బోధన్ నుంచే చేసుకోవచ్చు. లేకపోతే హైదరాబాద్‌లో వాళ్ల ఆఫీసుకు వెళ్లి చేసే ఉద్యోగం దేనికైనా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, అంటే పాపను ఒక చోట, మొగుణ్ని ఒక చోట వదిలి నేను ఇంకో చోట ఉండాలి. లెక్క తేలడానికి కంప్యూటర్ ఏకబిగిన నలభై గంటలు నడవాలి. మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచే.

మే నెల. బయట నలభై నాలుగు డిగ్రీలు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది గానీ వేడికి మందు లేదు. గంట నడిచేసరికి కంప్యూటర్ డబ్బాలో వేడి తొంభై అయిదు దాటి కంప్యూటర్ దానంతట అదే ఆగిపోయేది. నేనేం చేశాను? అందరూ చేసేదే. పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఎదురుగా పెట్టాను. లోపలి నాలుగు ఫ్యాన్లనూ పూర్తి వేగంలో పెట్టాను. ఆ రొదకు పాప ఏడుపు, పాప ఏడుపుకు నా ఏడుపు. అయినా మంగళవారం ఒక్కరోజే మూడుసార్లు ఆగింది.

బుధవారం పొద్దున్నే చాచా గడప బయట నిలబడ్డాడు.

"మూడు మార్లు ఎక్కింది, మూడు మార్లు పడ్డది. ఏం నడుపుతున్నవ్ బిడ్డా నీ ఇంట్ల?"

గోడ అవతల నుంచి చప్పుడు విని లెక్కపెట్టాడన్న మాట. చిరాకులో ఉన్నాను కాబట్టి కొంచెం దురుసుగానే చెప్పాను, ఇది కంప్యూటర్ చాచా, మీ బాయిలర్ కాదు అని. ఆయన ఏమీ అనుకోలేదు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, టేబుల్ ఫ్యాన్ వంక చూసి నవ్వాడు.

"తలుపు తెరిసి పెట్టి బాయిలర్ నడుపుతరా ఎవరన్న? గాలికి తొవ్వ ఉండాలె. ఏ ఫ్యాన్ ఊదుతది, ఏది పీకుతది?"

ముందున్న రెండూ లోపలికి ఊదుతాయని, వెనకది, పైది బయటికి పీకుతాయని చూపించాను. ఆయన కళ్లు ఒక్కసారి వెలిగాయి.

"మాకు గిదే ఉండె. కొలిమికి ఊదే ఫ్యాన్ ఒకటి, పొగ పీకే ఫ్యాన్ ఒకటి. రెంటికీ నడుమ సరిపొత్తు కుదిరిచ్చుడే నా నౌకరి."

రేకు బిగించమన్నాడు. కండువా అంచు నుంచి జానెడు దారం లాగి, డబ్బా వెనక సందు దగ్గర వేలాడదీశాడు. నేను తెర మీద ఒక్కో ఫ్యాన్ వేగం మారుస్తుంటే ఆయన దారం చూస్తూ చెప్పాడు. వెనకది జర తగ్గియ్యి. ముందలివి ఇంకా తగ్గియ్యి. ఇంకొంచెం. పైది సగానికి తే. దారం సందులోకి కొద్దిగా వంగి నిలిచింది. "గంతే. పీకుడు ఒక వీసం ఎక్కువుండాలె" అన్నాడు. పది నిమిషాల్లో వేడి డెబ్బై తొమ్మిదికి దిగింది. రొద సగమైంది. నేను నోరు తెరుచుకుని చూశాను. ఎంటెక్ చదివినదాన్ని, గాలి కూడా నీళ్లలాగే పారుతుందని పుస్తకాల్లో చదివినదాన్ని, నా బల్ల కింది డబ్బాలో అది ఎటు పారుతోందో ఒక్కరోజూ అడగలేదు.

తొమ్మిదింటికి లెక్క మొదలుపెట్టాను. ఆ రోజు గడిచింది, రాత్రి గడిచింది. గురువారం మధ్యాహ్నం నుంచి మాత్రం వేడి ఒక్కో డిగ్రీ ఎక్కసాగింది. ఎనభై నాలుగు. ఎనభై తొమ్మిది. మూడింటికి, ముప్పై గంటల లెక్క లోపల పెట్టుకుని, కంప్యూటర్ ఆగిపోయింది.

రేకు విప్పితే లోపలంతా తవుడు. మా ఇంటి వెనకే రైస్ మిల్లు, యాసంగి వడ్లు వచ్చాయి, రెండు రోజులుగా ఆపకుండా ఆడిస్తున్నారు. సన్నటి దుమ్ము ప్రతి సందులోంచి లోపలికి దూరి, వేడిని లాగే రేకుల మధ్య మెత్తగా పేరుకుంది. చాచా వేలితో తీసి చూశాడు. ఆయన ముఖం చిన్నబోయింది.

"నా తప్పు బిడ్డా. నేనే పీకుడు ఎక్కువ పెట్టిన. సందులల్లకెల్లి దుమ్ము గుంజుకున్నది."

నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని తిట్టాలనిపించింది కూడా, అబద్ధం ఎందుకు. ఆయన బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. నేను బ్రష్షు పట్టుకుని రేకుల మధ్య తవుడు దులుపుతూ, శనివారం పదింటి గడువుకు మిగిలిన గంటలు లెక్కపెట్టుకుంటున్నాను. సాయంత్రం ఆరులోపు మొదలైతేనే అందుతుంది. ఇంకో తప్పుకు చోటు లేదు.

కాసేపటికి ఆయన గోడ అవతలికి కేక వేశాడు, పాత మల్మల్ దుపట్టా ఒకటి పంపమని. చాచీ స్వయంగా తెచ్చింది.

"ఉద్యోగం పోయినంక గిప్పుడు కంప్యూటర్ డాక్టర్ అయిండు" అంటూనే ఆ బట్టను డబ్బా ముందు వైపుకు సరిపడా కత్తిరించి ఇచ్చింది.

"ఆడ, బాయిలర్ల మంట ఉంటది" అన్నాడు చాచా నాతో. "బయటికి తన్నితే మనిషి ముఖం కాలుతది. అందుకే ఎప్పుడూ పీకుడు ఎక్కువ పెడ్తం. ఇన్నేండ్లు గదే చేసిన, గదే చెయ్యికొచ్చింది. ఈడ మంట లేదు, దుమ్మున్నది. అంటే ఉల్టా నడపాలె. ఊదుడు ఎక్కువ, గా ఊదేది బట్టలకెల్లి వడగట్టుకొని రావాలె."

ముందు వైపు మల్మల్ కట్టాం. ముందు ఫ్యాన్లు పెంచి, వెనకదీ పైదీ తగ్గిస్తూ పోయాం. దారం నిటారుగా నిలిచింది, తర్వాత నెమ్మదిగా బయటికి వంగింది. ఆయన ఒక్క సందుతో ఆగలేదు. స్క్రూ కంతల దగ్గర, వైర్లు దూరే చోట, పై జాలీ అంచున, అన్ని చోట్లా పట్టి చూశాడు. ఎక్కడ పట్టినా దారం బయటికే. కంటికి కనిపించని గాలి ఒక ముసలి చేతి మాట విని నడుస్తోంది. అన్నేళ్ల అలవాటును ఒక మనిషి గంటసేపు మెట్టు మీద కూర్చుని తలకిందులు చేసుకోగలడని నేనెక్కడా చదవలేదు.

అయిదుకు పది నిమిషాలు ఉందనగా మొదలైంది. శుక్రవారం మిల్లు ఆగకుండా నడిచింది. వేడి ఎనభై దాటలేదు. చాచా ఆ రోజు వాకిట్లో కుర్చీ వేయలేదు. గంటకోసారి వచ్చి మల్మల్ మీది తవుడు మెత్తటి బ్రష్షుతో తుడిచి వెళ్లాడు. శనివారం తొమ్మిదింటికి లెక్క తేలింది. తొమ్మిదింబావుకు పంపాను. పదకొండింటికి ఫోన్ వచ్చింది: పని బాగుంది, సోమవారం నుంచి చేరండి, బోధన్ నుంచే. పాపను ఎత్తుకుని గదంతా తిరిగాను. చాచాకు చెబితే "అల్‌హందులిల్లా" అని కళ్లు తుడుచుకున్నాడు.

ఇక కంప్యూటర్‌ను ఆపేద్దామని మౌస్ పట్టుకున్నాను.

"గట్ల ఆపకు" అన్నాడు. "పని అయిపోయినంక చల్లారనియ్యాలె. చల్లార్చుడు గూడ నౌకరే."

కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మా ఆఖరు సీజన్‌ల బాయిలర్ ఆర్పే దినం నాదే డ్యూటీ. మా సడ్డకుని ఇంట్ల షాదీ ఉండె. వేరేటోనికి అప్పజెప్పి నిజామాబాద్ పోయిన. ఏమైతది, మళ్ల సీజన్‌కు నేనే ముట్టిస్త గదా అనుకున్న. మళ్ల సీజన్ రాలే బిడ్డా."

లేచి నా కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, మౌస్ ఆయన చేతి కింద పెట్టాను. ఏది ఎక్కడ నొక్కాలో చూపించాను. ఆయన తొందరపడలేదు. ముందు ఫ్యాన్లు ఒక మెట్టు తగ్గించాడు, వెనకదీ పైదీ ఒక మెట్టు, మళ్లీ ముందువి. మధ్యలో ఆగి తెర మీది అంకె తగ్గేదాకా చూశాడు. అరవై. యాభై రెండు. నలభై ఆరు. ఆ ఎండలో అంతకంటే దిగదు. నా వైపు చూశాడు. తల ఊపాను.

ఆయన నొక్కాడు. ఫ్యాన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"ఆరింది" అన్నాడు.