గంట చీకటికి అయిన కరెంటు

ఆ శనివారం రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా, ఒక్క గంటలో, మా గల్లీ పోగొట్టుకున్నవి ఇవి. ఫ్రిజ్‌లలో కరిగిపోయిన కుల్ఫీలు ఆరు. ఒకరి చెప్పులు ఒకరు వేసుకుపోగా ఎవరిదో తేలకుండా పోయిన ఎడమకాలి చెప్పు ఒకటి. ఆ గంట తర్వాత మళ్లీ లేవని పాత బ్యాటరీ ఒకటి. నా లెక్క మీద ఇరవై ఆరు ఇళ్లకు ఉన్న నమ్మకం. ఒక వీధి దీపం.

ఈ చివరిదాన్ని కలపాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. మా గల్లీకి రానే రాని దీపం పోయిందని ఎలా రాస్తాం? కానీ మలుపులో మిర్చి బజ్జీల బండి పెట్టుకునే అక్క దాన్నే మొదట చెబుతుంది. మిగతావి ఆమెకు లెక్కే కావు. అందుకని కలిపాను.

రాయచూరులో మా గల్లీ మలుపు ఎప్పుడూ చీకటే. పొద్దు గూకిందంటే అక్క సెల్‌ఫోన్ టార్చి వెలిగించి, ఆ ఫోనును పళ్లతో పట్టుకుని, రెండు చేతులతో బజ్జీలు తీసేది. రెండుసార్లు ముంజేయి కాల్చుకుంది. బేరమాడేవాడికి జవాబు చెప్పాలంటే ఫోను తీయాలి, ఫోను తీస్తే బజ్జీలు మాడతాయి. దాంతో గిరాకీలు ఒక్కొక్కరే పక్క గల్లీ బండికి పోసాగారు. అక్కడ దీపం ఉంది.

ఎండాకాలం మొదట్లో ప్రపంచంలోని చాలా ఊళ్లు ఒక రాత్రి గంటసేపు దీపాలు ఆర్పుతాయట. భూమి వేడెక్కుతున్న సంగతి జనానికి గుర్తు చేయడానికి. ఆ ఏడు మా ఊళ్లోని ఒక కాలేజీ పిల్లలు, వాళ్ల సారు కలిసి గల్లీల మధ్య పోటీ పెట్టారు. ఆ గంటలో ఎక్కువ కరెంటు మిగిల్చిన గల్లీకి ఒక సోలార్ దుకాణం ఆయన స్తంభంతో సహా సోలార్ దీపం పెట్టిస్తానన్నాడు.

"దీపాలు ఆర్పినోళ్లకు దీపం ఇనామా? ఉపాసం ఉన్నోళ్లకు బిర్యానీ పెట్టినట్లుంది" అని మా ఆవిడ నవ్వింది.

అక్క నవ్వలేదు. నేరుగా మా ఇంటికొచ్చింది.

"తమ్మీ, మనకు కరెంటు దానంతటదే పోతనే ఉంటది గదా. అది లెక్కల పట్టుకోరా?"

"పట్టుకోరక్కా. మనంతట మనమే తియ్యాల."

"పోయినదానికి, తీసినదానికి చీకట్ల ఫరక్ ఏముంటదిరా?"

నేను వివరించబోయాను. "ఫరక్ ఏమన్నా ఉండనీ, ఆ లైటు మనకే రావాలె. లెక్క నువ్వు చూడు" అని చెప్పి పోయింది.

నేను పత్తి మిల్లులో లారీల కాటా చూస్తాను. పదో తరగతి తప్పాను, అదీ లెక్కల్లోనే. ఆ కోపంతో లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. కనుక అక్క అప్పగించిన పనిని మామూలుగా చేయలేకపోయాను. వారం ముందే, శనివారం రాత్రి ఎనిమిదికి, మళ్లీ ఆదివారం పొద్దున ఎనిమిదికి, ఇరవై ఆరు మీటర్లూ చూసి రాసుకున్నాను. గల్లీ మొత్తం ఆ పన్నెండు గంటలకు ఎనభై నాలుగు పాయింట్ ఆరు యూనిట్లు. మామూలు రోజు ఎంతో తెలియకుండా మిగిలింది ఎంతో ఎలా తెలుస్తుంది?

తర్వాత ఇల్లిల్లూ తిరిగి చెప్పాను: బల్బులు, ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆర్పొద్దు. ఒకరు మరిచిపోతారు, ఒకరి ఫ్రిజ్ నడుస్తూ ఉంటుంది, లెక్క గజిబిజి. మెయిన్ దించేయండి. మీటరు కదలదు. లెక్క సాఫ్.

అంతా బాగుందన్నారు. నాకూ బాగుంది.

పోటీ శనివారం మీటర్లన్నీ రాసుకుని, ఎనిమిది కాగానే నేను గల్లీ నడుమ నిలబడి ఈల వేశాను. ఇరవై ఆరు మెయిన్లు దిగాయి. అంత చక్కటి చీకటి నేనెప్పుడూ చూడలేదు. దాన్ని రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపే చూశాను. టక్, టక్, టక్‌మని పదిహేడు ఇళ్లలో దీపాలు వెలిగాయి.

ఇన్వర్టర్లు. మెయిన్ దిగితే కరెంటు పోయిందనుకుని లేచి పనిచేయడమే వాటి పని. ఆ పదిహేడింట్లో ఒకటి మాది. లారీ బరువులో తడిసిన గోనెసంచి తేడా కూడా పట్టుకునే నాకు, మా ఇంట్లో మెట్ల కింద నాలుగేళ్లుగా గుర్రుమంటున్న ఇన్వర్టరు గుర్తు రాలేదు.

ఎదురింటాయన కోస్తా నుంచి వచ్చి మాన్వి దగ్గర కాలువ కింద వరి పండించే కుటుంబంవాడు. పిల్లల చదువుకని ఊళ్లో ఇల్లు కట్టాడు. ఆయనది గల్లీలోకల్లా పెద్ద ఇన్వర్టరు.

"మెయిన్ దింపమన్నారు, దింపేశాం. దీని సంగతి మీరు చెప్పలేదు కదండీ లెక్కల మాస్టారూ" అన్నాడు. కాసేపు మీటరు వంక చూశాడు. "ఇది మీటర్లోకి రావట్లేదుగా? అయితే ఊరికే వచ్చినట్టేగా! ఒరేయ్, ఫ్యాన్లన్నీ వేసెయ్యండర్రా! టీవీ పెట్టండి!"

ఆ మాట ఇంటింటికీ పాకింది. మామూలు రోజుల్లో వాడని వరండా బల్బులు కూడా వెలిగాయి. ఇన్వర్టర్లు లేని తొమ్మిది ఇళ్లవాళ్లు చీకట్లో ఏం చేస్తారు, వచ్చి వెలుతురున్న గడపల ముందు చెప్పులు విడిచి లోపల కూర్చున్నారు. అక్క బండిని మలుపు నుంచి తోసుకొచ్చి ఎదురింటి ముందు ఆపింది. నోట్లో ఫోను లేని అక్క గొంతు గల్లీ అంతా వినబడింది.

నేను ఇన్వర్టర్లు ఆపించడానికి మొదటి ఇంటివైపు పరుగెత్తాను. అక్క చిల్లుల గరిటె అడ్డం పెట్టింది.

"యాడికి?"

"ఇన్వర్టర్లు బంద్ చెయ్యాలక్కా. బ్యాటరీ ఖాళీ అయితే మళ్ల మెయిన్ నుంచే, ఇచ్చినదానికన్న ఎక్కువ గుంజుకుంటది."

"ఎప్పుడు గుంజుకుంటది?"

"తొమ్మిది తర్వాత."

"వాళ్ల కాయితంల ఏం రాసిండ్రు? ఎనిమిది నుంచి తొమ్మిది. మరి నోరు మూస్కోని బజ్జీ తిను."

తిన్నాను. ఆమె మాటకే ఆగానని చెప్పుకోవచ్చు. నిజం ఏమిటంటే, ఇరవై ఆరు మీటర్ల పక్కన ఇరవై ఆరు సున్నాలు రాయబోతున్నానన్న ఆనందం కూడా ఉంది.

ఎనిమిదిన్నరకు కాలేజీ సారు స్కూటరు మీద వచ్చి, గల్లీ మొదట్లోనే బ్రేకు వేశాడు.

"ఏన్రీ, మీ గల్లీల పెళ్లా?"

"మీటర్లు చూసుకోండి సార్, చుక్క కదిలితే ఒట్టు" అన్నాడు ఎదురింటాయన.

సారు నాలుగు మీటర్లు చూశాడు. కదలలేదు. దీపాల వైపు చూశాడు, మళ్లీ మీటర్ల వైపు చూశాడు. అక్క ఆయన చేతిలో రెండు బజ్జీలు పెట్టింది. "కాయితం రేపు పదింటికి తెచ్చియ్యండ్రి" అని ఆయన వెళ్లిపోయాడు.

తొమ్మిదికి మెయిన్లు ఎక్కించారు. పదిహేడు ఇన్వర్టర్లు ఒక్కసారి గుర్రుమన్నాయి. బాగా ఆకలిగొన్నవాళ్లు పంక్తిలో కూర్చున్నట్టు వినబడింది. మాది మాత్రం ఒక్కసారి కూసి ఆగిపోయింది.

పొద్దున ఎనిమిదింటికి నేను మళ్లీ మీటర్లు చూశాను. ఎవరూ అడగలేదు. కానీ పోయిన వారం రాసుకున్న అంకె పక్కన గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి ఉంటే నాకు అన్నం సయించదు. మొత్తం ఎనభై ఎనిమిది పాయింట్ రెండు. రెండుసార్లు కూడి చూశాను, మూడోసారి కింది నుంచి పైకి కూడి చూశాను. గంటసేపు చీకటి పాటించి, మేము మామూలుకంటే మూడు పాయింట్ ఆరు యూనిట్లు ఎక్కువ కాల్చాం.

మా ఆవిడకు చూపించాను.

"పొద్దుగాల రీడింగు మిమ్మల్ని ఎవరడిగిండ్రు?" అంది. తర్వాత నా మొహం చూసి, "రాస్తరు. నాకు తెల్సు. అక్కకు మీరే చెప్పండ్రి, నేను చెప్ప" అంది.

కాగితంలో అడిగిన గడిలో సున్నా రాశాను. దాని కింద, అడగని చోట, రెండు శనివారాల రాత్రుల మొత్తాలు రాసి తేడా కూడా రాశాను. సారు దాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. చివరికి, "ఇట్లాంటి లెక్క ఇంకెవరూ తేలేదు. మంచి లెక్క. కానీ దీపం ఇయ్యలేనండ్రి" అన్నాడు. స్తంభం రెండు వీధుల అవతలి గల్లీకి పోయింది. వాళ్లు బల్బులు ఆర్పి వాకిట్లో చాపలేసుకుని కూర్చున్నారట, అంతే.

సంగతి నేనే వెళ్లి అక్కకు చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే తేలిపోయేది. మర్నాడు పొద్దున చార్జింగ్ లైటు ఒకటి కొనుక్కుని మా వరండాలోకి వచ్చింది.

"నీ లెక్కతోని నా లైటు పాయె. ఇగ దినాం దీన్ని నీ ఇంట్లనే పెడ్త. ప్లగ్గు యాడుంది?"

చూపించాను. అది మొదలు పొద్దున పెడుతుంది, సాయంత్రం తీసుకెళుతుంది. పండగలకు కూడా మానదు. మలుపులో ఇప్పుడు వెలుతురు బాగానే ఉంది. గిరాకీలు సగానికి పైగా తిరిగొచ్చారు, బేరాలూ మొదలయ్యాయి.

గల్లీ ఎక్కువ కాల్చిన మూడు పాయింట్ ఆరు యూనిట్లు మాత్రం నేనే తీర్చాలనుకున్నాను. మా వరండా బల్బు తొమ్మిది వాట్లు. దాన్ని రోజూ గంట ముందు ఆర్పితే, యూనిట్‌ను వెయ్యి భాగాలు చేస్తే అందులో తొమ్మిది మిగులుతాయి. నాలుగు వందల రోజుల్లో తీరిపోతుంది. కానీ అక్క లైటు రోజుకు ఇరవై భాగాలు తాగుతుంది. ఆ లైటు వచ్చింది ఆ గంట వల్లే కాబట్టి దాన్నీ ఇందులోనే కలపాలి. అంటే నేను తీరుస్తున్నకొద్దీ రోజుకు పదకొండు భాగాలు పెరుగుతోంది.

"రెండు గంటలు ఆర్పితే?" అంది మా ఆవిడ.

"అప్పుడు రోజుకు రెండు భాగాలు పెరుగుతుంది."

"మూడు గంటలు?"

"అప్పుడు తగ్గుతుంది. కానీ ఆ బల్బు వేసేదే మూడు గంటలు. వరండాలో చీకటైతే అక్కకు ప్లగ్గులోంచి లైటు తీసుకోవడానికి కనబడదు."

నిన్నటితో రెండు వందల రోజులయ్యాయి. ఇంకా తీర్చాల్సింది ఐదు పాయింట్ ఎనిమిది యూనిట్లు.