మా బాబాయి కనిపెట్టిన బొడిపె

మీ ఆయన ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మా పిన్ని ఒకటే మాట చెప్పేది.

"గుద్దించి చూస్తారు."

విన్నవాళ్ళు బాబాయిని కార్ల ఇన్సూరెన్సు మనిషి అనుకుని తమ బండికి పడిన సొట్ట గురించి మొదలుపెట్టేవారు. బాబాయి ఓపిగ్గా సర్దిచెప్పేవాడు. భూమి అడుగున ఉంగరంలాంటి సొరంగం ఉందనీ, అందులో ప్రోటాన్లను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టిస్తారనీ, ఆ దెబ్బకు పుట్టేవాటిలో భారీ క్వార్కులనేవి కొన్ని ఉంటాయనీ, అవి ఒక్కోసారి జంటకట్టి, రెప్పపాటులో కోటానుకోట్లవ వంతు కాలం కాపురం చేసి విడిపోతాయనీ, ఆ కాపురాల మీదే తన పరిశోధన అనీ.

"విడిపోయాక ఇంక పరిశోధించేదేముంది బావా? ఏదో ముందే సర్దిచెప్పాలిగానీ," అనేవాడు మామయ్య. మామయ్య అంటే పిన్ని తమ్ముడు. పరుపుల దుకాణం యజమాని. మనుషులు నిద్రపోయినంతకాలం తనకు ఢోకా లేదన్న ధీమా అతని నడకలోనే కనిపించేది.

నేను చదువు పేరుతో వాళ్ళ మూడో అంతస్తు ఫ్లాట్‌లోనే ఉండేదాన్ని కాబట్టి ఇదంతా కళ్ళారా చూశాను. బాబాయి నోట ఒక్క మాటైనా ఖాయంగా వచ్చేది కాదు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే "సరిపోయినట్టే ఉంది" అనేవాడు. లిఫ్టు పనిచేస్తోందా అంటే "నేనెక్కినప్పుడు పనిచేసింది" అనేవాడు. అలాంటి మనిషి ఒక సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చి, లాప్‌టాప్ తెరిచి పొయ్యి పక్కన పెట్టాడు.

"చూడు."

"ఏముందండీ?" అంది పిన్ని. తెరమీద ఎడమ నుంచి కుడికి దిగిపోతున్న చుక్కల వరస తప్ప నాకూ ఏమీ కనిపించలేదు.

"ఇదిగో, ఇక్కడ. బొడిపె."

"మీ వీపు మీదా ఉంది. డాక్టరుకి చూపించుకోమంటే వినరు."

ఆ బొడిపె సంగతి ఇది. మామూలుగా జంటకట్టేవి రెండు భారీ క్వార్కులు. రెండు జంటలు, అంటే నాలుగు క్వార్కులు, ఒకే ఇంట్లో కలిసి ఉండగలవా అన్నది బాబాయి ప్రశ్న. ఉంటే, ఆ ఇల్లు కూలినప్పుడు నాలుగు మ్యూయాన్లనే కణాలు బయటికొస్తాయి. వాటి లెక్క కట్టి గీత గీస్తే ఆ ఇంటి బరువు దగ్గర గీత ఉబ్బాలి. ఉబ్బింది.

అయితే ఢీకొన్న ప్రతిసారీ పుట్టే చెత్త కొండంత. దాన్ని జల్లెడ పడితే గానీ కావలసింది కనిపించదు. జల్లెడ కన్నాలు ఎంతుండాలో పరిశోధకుడే నిర్ణయించుకోవాలి. బాబాయి మొదటి జల్లెడలో బొడిపె సన్నగా, ఉందో లేదో అన్నట్టు ఉంది. కన్నం కాస్త బిగిస్తే కాస్త లావైంది. ఇంకోచోట కాస్త వదులు చేస్తే ఇంకాస్త ఒళ్ళు చేసింది. ప్రతి మార్పుకీ బాబాయి దగ్గర బ్రహ్మాండమైన కారణం ఉండేది. బొడిపెను చిక్కిపోయేట్టు చేసిన మార్పులకు మాత్రం ఒక్క కారణమూ దొరికేది కాదు. వాటిని వెంటనే వెనక్కి తీసుకునేవాడు.

వాళ్ళ బృందానికి నాయకుడు పెద్దసారు. ఎత్తైన మనిషి, మెడలో గుర్తింపు కార్డు ఎప్పుడూ ఫోటో బయటికి కనిపించేలా ఉండేది. మొదట బాబాయి గీత చూపిస్తే ఆయన కాఫీ కప్పులోంచి తల కూడా ఎత్తలేదట.

"మీ బొడిపె కొలతలో పొరపాటు. ఇంకోసారి చూసుకోండి."

వారం తిరక్కుండానే క్యాంటీన్‌లో ఒక పుకారు పుట్టింది. అదే సొరంగానికి అవతలి వైపు ఇంకో బృందం ఉంది. వాళ్ళకూ అక్కడే ఏదో కనిపించిందట. పెద్దసారు ట్రే అక్కడే వదిలేసి బాబాయి గదికి దాదాపు పరుగున వచ్చారు. ప్లేటు ఫిరాయించడంలో ఆయనకున్న వేగం ఆ సొరంగంలో ప్రోటాన్లకు కూడా లేదు.

"మన బొడిపె ఎంతవరకూ వచ్చింది?"

అక్కణ్ణుంచి ఇక ఊపిరాడలేదు. కణానికి పేరు పెట్టడానికి ఒక ఉపసంఘం వేశారు. కణం ఉందో లేదో తేల్చడానికి వేసిన సంఘం కన్నా ఇది ఎక్కువసార్లు కూర్చుంది. ఏ అక్షరం వాడాలన్న దగ్గర ఇద్దరు ప్రొఫెసర్లకు మాటలు ఆగిపోయాయి. పెద్దసారు తన ఇంటిపేరులోని మొదటి అక్షరం "పలకడానికి చాలా తేలిగ్గా ఉంటుంది" అని అందరి ముందూ పలికి చూపించారట.

ఇక అదే భవనం పై అంతస్తులో సిద్ధాంతి ఉండేవాడు. ముహూర్తాలు పెట్టే సిద్ధాంతి కాదు, కాగితం మీద కణాలను పుట్టించే సిద్ధాంతి. ఇద్దరికీ తేడా ఏమిటని పిన్ని అడిగితే, కాసేపు ఆలోచించి, "ఈయన దక్షిణ తీసుకోడు," అన్నాడు బాబాయి. బొడిపె మాట చెవిన పడగానే ఆయన వెంటవెంటనే పేపర్లు రాసిపడేశాడు. ఒకదాంట్లో నాలుగు క్వార్కులూ అతుక్కుపోయి ఉంటాయి. ఇంకోదాంట్లో రెండు జంటలు పక్కపక్కన ఉండీ లేనట్టు ఉంటాయి. రెండింట్లోనూ బొడిపె సరిగ్గా బాబాయి చెప్పిన చోటే వచ్చింది.

మామయ్య మాత్రం తక్కువ తిన్నాడా? జిగురు లేకుండా నాలుగు పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే కొత్త పరుపు తయారుచేయించి, దానికి 'క్వార్క్ ఫోర్' అని పేరు పెట్టి, కవర్ల మీద అచ్చు కూడా వేయించేశాడు.

"ఒరేయ్, ఇంకా ఖాయం కాలేదురా," అన్నాడు బాబాయి.

"నువ్వు దేన్ని ఖాయం చేశావు గనక బావా? పెళ్ళిచూపుల్లో మా అక్క నచ్చిందా అంటే, 'నచ్చకపోవడానికి ఆధారాల్లేవు' అన్నావు. మేం ఖాయం చేసుకోలేదూ?"

బొడిపె గాలి తీసినావిడ ఒకరున్నారు. బృందం ఏది ప్రకటించాలన్నా ముందు లోపల ఒక పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్ష పెట్టే పెద్దావిడకు అనుమానాలమ్మ అని పేరు. జీతమిచ్చి మరీ అనుమానించమన్నారు గనక ఆవిడ ఏ మొహమాటమూ పెట్టుకునేది కాదు. బాబాయి గంటసేపు చెప్పిందంతా విని, ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఈ జల్లెడ కన్నాలు బొడిపెను చూడకముందు ఖాయం చేశారా, చూశాకా?"

బాబాయి లాప్‌టాప్ మూత సగం దించాడు. పెద్దసారు అందుకున్నారు.

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు? అవతలివాళ్ళు ముందే ప్రకటించేస్తే మన గతేంటి?"

"ప్రకటించుకోనీండి. వాళ్ళ తప్పు వాళ్ళు చేస్తారు. దానికోసం మనం పరుగెత్తుకెళ్ళాలా?"

చివరికి ఆవిడ మాటే నెగ్గింది. జల్లెడను ఉన్నదున్నట్టు బిగించెయ్యాలి, ఇక ముట్టుకోకూడదు. యంత్రం మళ్ళీ నడిచి కొత్త లెక్కలు వచ్చేదాకా ఆగాలి. బొడిపె ఉండాల్సిన చోట తెరమీద పరదా వేసి ఉంచాలి. ఎవరూ చూడకూడదు, ముఖ్యంగా బాబాయి.

ఆ సాయంత్రం బాబాయి అన్నం కలుపుతూ ఉండిపోయాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"చూశాకే మార్చారా?" అంది పిన్ని.

"మార్చాను."

"మరి ఆ మాట అక్కడే చెప్పెయ్యాల్సింది."

"అబద్ధమాడదామని మార్చలేదే. చీకటి గదిలో కళ్ళు చిట్లించి చూస్తామే, అలాగ. ఎంత చిట్లిస్తే అంత బాగా కనిపించింది. ఇన్నేళ్ళలో నాకంటూ కనిపించింది అదొక్కటే."

పిన్ని ఆయన పళ్ళెంలో ఇంకొంచెం పెరుగు వేసింది.

యంత్రం నడిచినన్నాళ్ళూ బాబాయి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. దీపాలు ఆర్పకుండానే వెళ్ళిపోయేవాడు, వెళ్ళినవాడల్లా తాళం వేశానో లేదోనని తిరిగొచ్చేవాడు. పరదా తీసే రోజు ఉదయానికి పెద్దసారు కేకు తెప్పించారు. దాని మీద క్రీముతో కిందికి దిగే గీత, మధ్యలో చక్కటి బొడిపె. ఫోటోలు తీసే మనిషిని కూడా పిలిపించారు.

పరదా తీశారు. గీత ఇస్త్రీ చేసినట్టు సాఫీగా ఉంది.

పెద్దసారుకు ఉన్నట్టుండి ఫోనొచ్చింది. మోగని ఫోనును చెవికి పెట్టుకుని ఆయన బయటికి నడిచారు. ఫోటోల మనిషి తీయాలా వద్దా అని అందరి మొహాలూ చూశాడు. అనుమానాలమ్మ లేచి చాకు అందుకుంది.

"కేకు కోయండి, పాడైపోతుంది. దీని మీదున్న బొడిపె నిజమైందే కదా."

మరుసటి వారం మొత్తం బృందానికి సంగతి చెప్పాలి. "ఆ బొడిపె అతనిది, అతనే చెప్పడం ధర్మం," అన్నారట పెద్దసారు. బాబాయి చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్ళాడు. నిండిన హాల్లో నిలబడి, తడబడకుండా చెప్పాడు.

"కిందటేడు నేను మీకు చూపించిన బొడిపె లేదు. బొడిపెను చూసుకుంటూ జల్లెడ మార్చింది నేనే. నన్నెవరూ తొందరపెట్టలేదు."

పెళ్ళైన ఇన్నేళ్ళకు మొదటిసారి ఆయన నోట 'అనిపిస్తోంది', 'అయ్యుండొచ్చు' అనేవి లేని మాటలు మూడు వరసగా వచ్చాయని విని పిన్ని నమ్మలేదు. వెనక వరసలోంచి సిద్ధాంతి లేచాడట.

"నాకేమీ ఇబ్బంది లేదండీ. ఆ కణం ఉండకపోవచ్చని కూడా నా సిద్ధాంతంలో ఉంది."

హాలంతా గొల్లుమంది. బాబాయి ఒక్కడే నవ్వలేదు. తల కొట్టేసినట్టయి ఇంటికొచ్చాడు. మామయ్య అప్పటికే వచ్చి సోఫాలో కూర్చునున్నాడు.

"నీ కవర్లన్నీ దండగ చేశానురా," అన్నాడు బాబాయి.

"దండగేంటి? నీ కణం లేకపోతే నా పరుపు లేకుండా పోతుందా? కొనేవాడు పడుకుని చూస్తాడు గానీ ఢీకొట్టి చూస్తాడా బావా?"

క్వార్క్ ఫోర్ బాగానే అమ్ముడుపోయింది. ఇప్పటికీ పోతోంది.

బాబాయి నాలుగు రోజులు సెలవు పెట్టి, బట్టలు ఉతికి, ఫ్యాన్లు తుడిచి, పిన్ని ప్రాణం తీశాడు. ఐదో రోజు ఆవిడే బ్యాగు చేతికిచ్చి గెంటింది. వెళ్ళి నేరుగా అనుమానాలమ్మ గది తలుపు తట్టాడు. ఇద్దరూ కలిసి 'లేదు' అన్న పేపరు రాశారు. ఆ నాలుగు క్వార్కుల ఇల్లంటూ ఒకవేళ ఉంటే, అది ఇంతకన్నా తరచుగా పుట్టదు అని హద్దు గీసే పేపరు అది. ఊళ్ళో ఎవరూ చప్పట్లు కొట్టలేదు గానీ, ఆ తర్వాత ఈ విషయం మీద కలం పట్టిన ప్రతివాడూ ఆ హద్దు చూసుకోక తప్పలేదు. సిద్ధాంతి అయితే ఆ హద్దును ఆధారం చేసుకుని, కణం ఎందుకు కనిపించకూడదో వివరిస్తూ కొత్త పేపర్లు మొదలుపెట్టాడు.

ఆ ఏడాది చివర పెద్దసారుకు శాస్త్రీయ నిగ్రహానికి గాను ఒక పురస్కారం ఇచ్చారు. కుటుంబాలనూ పిలిచారు గనక నేనూ పిన్నీ వెళ్ళాం. ఆయన వేదికెక్కి, ప్రపంచమంతా తొందరపడుతుంటే తాను ఒక్కడే ఎలా ఆగమన్నాడో, పరదా వేయించాలన్న ఆలోచన తనకెలా తట్టిందో వివరించడం మొదలుపెట్టారు. అనుమానాలమ్మ ముందు వరసలో కళ్ళు మూసుకుని కూర్చుంది. నిద్రో, నిగ్రహమో చెప్పలేను.

పెద్దసారు మంచినీళ్ళ కోసం ఒక్క క్షణం ఆగారు. అంతే, బాబాయి అదాటున లేచి చప్పట్లు మొదలుపెట్టాడు. చుట్టుపక్కలవాళ్ళు కంగారుగా అందుకున్నారు. హాలంతా లేచి నిలబడింది. పెద్దసారు గ్లాసు పట్టుకుని అయోమయంగా నాలుగువైపులా వంగి దండం పెట్టారు.

"ఆయనకెందుకండీ అంత గట్టిగా కొడుతున్నారు?" అంది పిన్ని ఆయన చెవిలో.

"ఆపకు, నువ్వూ కొట్టు," అన్నాడు బాబాయి. "ఉపన్యాసం అయిపోయిందనుకుని దిగిపోతాడు."